విరిగిన చోట మెరుపు

తనకల్లు,
జూన్ నెలాఖరు

చెల్లెలు షీరీన్‌కు అన్న అతావుల్లా దువాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. వానే లేదు. తొలకరికి దున్ని పెట్టుకున్నాం గానీ, ఆ తరువాత వచ్చిన మబ్బులన్నీ మన తల మీదుగా కర్ణాటక వైపు వెళ్ళిపోతున్నాయి. శెనక్కాయ విత్తనాలు ఒలిచి మూటల్లో పెట్టాం. అమ్మ ఆ మూటల వంక చూడకుండా ఇంట్లో తిరుగుతోంది.

నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ వదిన నాజ్‌నీన్ ఎత్తి, నా ఎదురుగా నిలబడి, నువ్వన్న మాటలు పెదాలు కదిపి నాకు చెబుతుంది. అందులో నీ మాటలెన్నో, ఆమె చేర్చినవెన్నో నాకు తెలియదు. బోరు బండి మీద ఏళ్ళ తరబడి కంప్రెసర్ పక్కన నిలబడితే చెవులు ఇలాగే అవుతాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నువ్వు చెప్పింది చెప్పినట్టు అందుతుంది. నా డబ్బా ఫోన్‌లో తెలుగు అక్షరాలు కూడా రావు.

బండి ఓనరు బండిని తమిళనాడు వాళ్ళకు అమ్మేశాడు. ఎంత లోతుకు దింపినా తెల్ల దుమ్మే లేస్తుంటే బోరు వేయించేవాళ్ళెవరు? మడకశిర నుంచి సోమప్ప అనే మేస్త్రీ వచ్చాడు. బెంగళూరులో పెద్ద కట్టడమట. ఇనుప పైపులతో పరంజా కట్టే పని, కొన్ని నెలలు ఉంటుందంటున్నాడు. బోరు బండి మీద నాతో పనిచేసిన తిప్పయ్య, మన వెనక వీధి రామాంజులు, ఇంకొందరు వస్తామన్నారు. నేను కదిలితేనే కదులుతామన్నారు. అందుకని సరేనన్నాను.

పక్కింటి మారెక్క నిన్న వచ్చి నీ ఉద్యోగం ఏమిటని అడిగింది. అమ్మ చెప్పలేక నా మీద విసుక్కుంది. "ఇనుమును ఇరగ్గొట్టేదానికి అంత సదువు యాల? ఈడ మనోళ్ళు సదువు లేకనే గడ్డపారలు ఇరగ్గొడతాండారు గదా" అంటోంది. అమ్మకు అర్థమయ్యేట్టు రాయి. నాకు కూడా తెలియదు.

నీ అన్న,
అతావుల్లా


హైదరాబాదు,
జూలై

అన్నకు షీరీన్ సలాములు.

అమ్మకు ఇలా చెప్పు. ఉండలు పట్టేటప్పుడు బెల్లం పాకం వేడిగా ఉన్నంతసేపు లాగితే సాగుతుంది, వంచితే వంగుతుంది. చల్లారాక అదే పాకాన్ని వంచబోతే పుటుక్కున విరుగుతుంది. ఉక్కుకు కూడా ఆ గుణం ఉంది. ఒక వేడి దాకా వంగుతుంది, అంతకంటే చల్లబడితే విరుగుతుంది. మంచి ఉక్కుకు ఆ హద్దు చాలా దిగువన, నీళ్ళు గడ్డకట్టే చలి కంటే కింద ఉంటుంది. కాబట్టి మామూలుగా ఎవరికీ దాని గురించి ఆలోచించే అవసరం రాదు.

అణుశక్తితో కరెంటు తీసే రియాక్టర్ గుండె ఒక పెద్ద ఉక్కు పాత్రలో ఉంటుంది. గోడలు జానెడు మందం. లోపలి నుంచి న్యూట్రాన్లనే కంటికి కనపడని రేణువులు రాత్రీ పగలూ ఆ గోడను కొడుతుంటాయి. ఉక్కులో అణువులు వరుసల్లో కూర్చుని ఉంటాయి. దెబ్బ తగిలిన అణువు తన చోటు వదిలి ఇంకెక్కడో ఇరుక్కుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇలా ఇరుక్కున్నవి పెరిగి, వరుసలు ఒకదాని మీద ఒకటి జారలేవు. అప్పుడు ఉక్కు గట్టిపడుతుంది. లాగి చూస్తే కొత్త ఉక్కు కంటే ఎక్కువ బరువు ఆపుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వంగే గుణం పోతుంది. నేను చెప్పిన ఆ హద్దు పైకి, పైకి జరుగుతుంది. వంగే ఉక్కు తెగే ముందు తెలియజేస్తుంది. పెళుసుబారిన ఉక్కు ఏమీ తెలియనివ్వదు.

అందుకే రియాక్టర్ కట్టేటప్పుడే అదే ఉక్కుతో చేసిన వేలెడు ముక్కలు లోపల వేలాడదీస్తారు. కొన్నేళ్ళకోసారి కొన్నింటిని తీసి సీసపు పెట్టెల్లో మాకు పంపుతారు. వాటిని చేత్తో తాకకూడదు. మందపాటి గోడకు అవతల అవి ఉంటాయి, ఇవతల పసుపు గాజు కిటికీ ముందు నేనుంటాను. నేను ఇటు చెయ్యి కదిపితే అటు యంత్రపు చేతులు కదులుతాయి. ప్రతి ముక్కకూ మధ్యలో ఒక గాటు ఉంటుంది. ఒక్కో ముక్కను ఒక్కో వేడికి తెచ్చి, ఊగే సుత్తితో కొడతాను. మంచి ముక్క చీలుతుంది. చీలిన చోట బూడిద రంగులో పీచుపీచుగా ఉంటుంది. పెళుసు ముక్క విరిగిన చోట రాతి ఉప్పులా మెరుస్తుంది.

ఇంతవరకు అమ్మకు చదువు. ఇక్కడి నుంచి నీకు మాత్రమే.

ఈ నెల ఒక పాత రియాక్టర్ ముక్కలు కొడుతున్నాను. పేరు రాయకూడదు. అవి మామూలు గది వేడిలో మెరిశాయి. ఇంకా వేడి చేసి కొట్టాను, అప్పుడూ మెరిశాయి. లెక్కల ప్రకారం ఆ హద్దు అంత దూరం జరగకూడదు. నా వైపు ఏదైనా పొరపాటుందేమోనని సుత్తిని, వేడి కొలిచే తీగను మళ్ళీ మళ్ళీ సరిచూశాను. పొరపాటు దొరికితే బాగుండునని ఉంది. దొరకడం లేదు.

బెంగళూరు వెళితే అక్కడ మంచి చెవుల డాక్టర్లుంటారు. చూపించుకో.

షీరీన్


బెంగళూరు,
ఆగస్టు

చెల్లెలు షీరీన్‌కు దువాలు.

వచ్చి పనిలో చేరాం. మేముండే చోటికి టపా సరిగా రాదు. ఈ ఉత్తరాన్ని నాజ్‌నీన్‌కు పంపే కవరులోనే పెడుతున్నాను, ఆమె ఊళ్ళో పోస్టు చేస్తుంది. నువ్వు కూడా ఆమెకే రాయి. సోమప్ప మనుషులు ఊరికీ ఇక్కడికీ తిరుగుతుంటారు, తెచ్చిస్తారు.

బయలుదేరే ముందు నీ ఉత్తరం అమ్మకు చదివాను. పాకం మాట విని నవ్వింది. "అట్ల చెప్తే తెలుస్తాది గదా" అని మారెక్క ఇంటికి చెప్పడానికి పోయింది. మెరిసే ముక్కల సంగతి చదవలేదు.

ఆ సంగతే నా మనసులో తిరుగుతోంది. ఆ పాత రియాక్టర్ ఏ వైపు ఉంది? పేరు వద్దు, ఊరికే అడుగుతున్నాను. అందులో పనిచేసేవాళ్ళకు ఏమైనా అవుతుందా? ఇప్పటికిప్పుడే అవుతుందా, ఏళ్ళు పడుతుందా?

పని కష్టం కాదు. గుండ్రటి పెద్ద కట్టడం, కిటికీలు లేవు. లోపల సందుల్లో దూరి పైపులు బిగించాలి. క్లాంపులకు ఎంత నూనె పూసినా మర్నాటికి ఎర్రగా తుప్పు పడుతున్నాయి. గాలిలోనే ఉప్పు ఉంది. పెదాలు తడుపుకుంటే నాలుకకు తగులుతుంది. పని అయ్యాక బయటికి వచ్చేటప్పుడు ఒక యంత్రం మీద నిలబడి చేతులు రెండూ అందులో పెట్టాలి. పచ్చ దీపం వెలిగితే పోనిస్తారు. రామాంజులు దానికి చిలక జోస్యం మిషను అని పేరు పెట్టాడు.

తిండి బాగుంది. నువ్వేమీ దిగులు పెట్టుకోకు.

అతావుల్లా


హైదరాబాదు,
ఆగస్టు

అన్నా,

బెంగళూరులో సముద్రం ఎక్కడుంది?

నీ ఉత్తరం చదవగానే నాజ్‌నీన్ వదినకు ఫోన్ చేశాను. బెంగళూరే అంది. రెండోసారి అడిగితే పాలు పొంగుతున్నాయని పెట్టేసింది.

చేతులూ కాళ్ళూ పరీక్షించి పంపే యంత్రం అపార్టుమెంట్లు కట్టేచోట ఉండదు. మా ల్యాబ్‌లో ఉంది, నేను రోజూ దాని మీద నిలబడతాను. నువ్వు ఏదో రియాక్టర్‌లో ఉన్నావు. దాని పక్కన ఎర్ర చారల పొడవాటి చిమ్నీ ఉందా? గేటు దాటాక రోడ్డు సముద్రపు గోడ వెంట వంపు తిరుగుతుందా? ఔనంటే, నేను విరగ్గొడుతున్న ముక్కలు అక్కడివే. ఈ మాట నేను రాయకూడదు. రాసినట్టు తెలిస్తే ఉద్యోగం పోవడం చిన్న సంగతి. ఇంకేం చేస్తారో, నా పేరు చూసి ఏమేం అంటారో నేను ఊహించుకోవాలనుకోవడం లేదు. చదివాక చింపెయ్యి.

రియాక్టర్ ఆగి ఉన్నప్పుడు ప్రమాదం లేదనుకోకు. మళ్ళీ నడిపే ముందు పాత్ర నిండా నీళ్ళు పట్టి, బాగా ఒత్తిడి పెట్టి, ఎక్కడైనా కారుతోందేమో చూస్తారు. నడుస్తున్నప్పుడు పాత్ర చాలా వేడిగా ఉంటుంది, వంగే గుణం ఉంటుంది. ఈ పరీక్ష రోజున అది గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. ఒత్తిడేమో పూర్తిగా ఉంటుంది. పెళుసుబారిన ఉక్కుకు అంతకంటే చెడ్డ ఘడియ లేదు. ఎక్కడో ఒక వెంట్రుకంత పగులు ఉన్నా చాలు. ఆ పరీక్షప్పుడు లోపల మనుషులుంటారు. అతుకులు చూసేవాళ్ళు, వాళ్ళ కోసం పరంజా జరిపేవాళ్ళు.

వచ్చే నెలలోనే ఆ పరీక్ష అని విన్నాను. కడుపునొప్పి అను, అమ్మకు బాగాలేదని అను, ఏదో ఒకటి చెప్పి బయటికి వచ్చెయ్యి. నీకు సైరన్ కూడా వినిపించదు కదా అన్నా. నిన్ను లోపలికి ఎలా పంపారు?

షీరీన్


సముద్రం ఒడ్డు, లేబర్ క్యాంపు,
సెప్టెంబరు

చెల్లెలు షీరీన్‌కు,

చిమ్నీ ఉంది. ఎర్ర చారలున్నాయి. రోడ్డు వంపు తిరుగుతుంది.

నీ మొదటి ఉత్తరం రాకముందే సోమప్పకు మాటిచ్చాను. రియాక్టర్ అంటే నువ్వు ఒప్పుకోవని బెంగళూరు అన్నాను. నాజ్‌నీన్ చేత కూడా అదే చెప్పించాను. నీ ఉత్తరం చదివాక ఇది వేరేదై ఉంటుందిలే అనుకున్నాను. దేశంలో ఎన్ని లేవు అనుకున్నాను. రోజూ పొద్దున లోపలికి పోయేటప్పుడు అలాగే అనుకుంటూ పోయాను.

పనిలో చేర్చుకునే ముందు చేసిన చెవుల పరీక్షలో హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. మీట నొక్కే అమ్మాయి వేలు పక్కనున్న గాజు తలుపులో కనిపించింది. వేలు కదిలినప్పుడల్లా చెయ్యెత్తాను. సైరన్ మోగితే తిప్పయ్య నా భుజం మీద చరుస్తాడు, అలా మాట్లాడుకున్నాం.

నువ్వు రాసింది తిప్పయ్యకూ రామాంజులుకూ చెప్పాను. చింపేశాకే చెప్పాను, నీ పేరు ఎక్కడికీ పోదు. రామాంజులు వెంటనే మూట కట్టుకున్నాడు. కాసేపటికి విప్పాడు. మళ్ళీ కట్టాడు. తిప్పయ్య చాలాసేపు సముద్రపు గోడ మీద కూర్చున్నాడు. తరువాత నాకు పెదాలు కనిపించేట్టు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మనం పోతే సోమప్ప ఇంగో బండి నిండా మనుషుల్ని దింపుతాడు. వాళ్ళకు ఏమీ తెల్దు. తెలిసినోళ్ళం తప్పుకోని, తెలీనోళ్ళని ఆడ నిలబెట్టేదా అన్నా?" అన్నాడు.



నీ ఉత్తరంలో నన్ను రమ్మన్నావు. తిప్పయ్య పేరు లేదు, రామాంజులు పేరు లేదు. నిన్ను తప్పు పట్టడం లేదు. నీ చోట నేనున్నా మొదట నిన్నే రమ్మనేవాణ్ణి. కానీ వీళ్ళు నన్ను చూసి వచ్చారు. వీళ్ళ ఇళ్ళకు నేను పోయి, నీ మొగుడు లోపలున్నాడు, నేను వచ్చేశాను అని ఎలా చెప్పేది?

నాకు భయంగానే ఉంది. పైపు బిగించేటప్పుడు పాత్ర ఉన్న వైపు వీపు పెట్టలేకపోతున్నాను. మధ్యలో కాంక్రీటు గోడ ఉంది, అయినా అటే తిరిగి పని చేస్తున్నాను. నువ్వు ఆ ముక్కల దగ్గర ఉన్నావు. చెప్పాల్సినవాళ్ళకు చెప్పగలిగేది నువ్వే.

అతావుల్లా


హైదరాబాదు,
సెప్టెంబరు

అన్నా,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. తరువాత కోపం వచ్చింది. తరువాత పనికి పోయాను.

మా సెక్షన్ హెడ్ ఇంద్రాణి గారి గురించి నీకెప్పుడూ రాయలేదు. మన వైపు బెళుగుప్ప మనిషి. ఇన్నేళ్ళలో నాతో మన మాట మాట్లాడింది లేదు, అంతా ఇంగ్లీషే. చెడ్డమనిషి కాదు. రిపోర్టు ముసాయిదాలో బాగా పెళుసుగా విరిగిన ముక్కల్ని పక్కన పెట్టించింది ఆమే. గాటు సరిగా పడలేదేమోనని కారణం రాసింది. అవి తీసేస్తే మిగతావి లెక్కలకు దగ్గరగా వస్తాయి, పరీక్ష అనుకున్నట్టే జరిగిపోతుంది. దాని మీద నేను సంతకం చెయ్యాలి.

నేను చెయ్యనన్నాను. ఎందుకని అడిగింది. గాట్లు అన్నీ నేనే కొలిచాను, సరిగానే ఉన్నాయన్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నడిపేవాళ్ళ మీద పైనుంచి ఎంత ఒత్తిడి ఉందో, ఒక్కరోజు ఆలస్యమైనా ఎన్ని ప్రశ్నలు వస్తాయో చెప్పసాగింది.  మా అన్న అక్కడ పరంజా మీద ఉన్నాడు మేడమ్, ఆయనకు చెవులు వినపడవు అనేశాను. అనకూడదని తెలుసు, కానీ నోటి నుంచి వచ్చేసింది.

ఆమె లేచి తలుపు వేసి వచ్చింది. అప్పుడు మన మాటలో మాట్లాడింది.

"మీ అన్న ఆడ ఉండాడని ఇంగెవరికీ చెప్పొద్దు షీరీన్. చెప్తే నువ్వు కొట్టిన ముక్కల్ని ఒక్కరూ చూడరు. నీ భయాన్నే చూస్తారు. అన్న కోసం లెక్క మార్చిందంటారు."

నాకు ఏడుపొచ్చింది. అయితే ఏం చేద్దామన్నాను. ఇంకా కొట్టని ముక్కలున్నాయి కదా, నా కళ్ళ ముందు కొట్టు అంది.

పసుపు గాజు ముందు ఇద్దరం నిలబడ్డాం. తొందరలో నేను చెయ్యి లాగితే అవతల యంత్రపు చెయ్యి కూడా లాగింది. ముక్క జారి పడింది. మళ్ళీ తీశాను. గాటు కొలిచి ఆమెకు చూపించాను. పరీక్షకు వాళ్ళు అనుకుంటున్న వేడి కంటే బాగా ఎక్కువ వేడికి తెచ్చి కొట్టాను. సుత్తి అసలేమీ తగలనట్టు అటువైపు చాలా ఎత్తుకు లేచింది. అంటే ముక్క దాన్ని ఆపనే లేదు. విరిగిన చోటును కెమెరా దగ్గరికి తెచ్చాను. మెరిసింది. ఇంకోటి కొట్టమంది. అదీ మెరిసింది. ఆమె మూడోది అడగలేదు.

రిపోర్టు మళ్ళీ రాశాం. అన్ని ముక్కలూ ఉన్నాయి. పరీక్ష చెయ్యాలంటే నీళ్ళను దాదాపు మరిగే వేడికి తెచ్చాకే ఒత్తిడి పెట్టాలని, అంతవరకు ఆపాలని ఇద్దరం సంతకాలు చేశాం. ఆమె నేరుగా పైవాళ్ళతో మాట్లాడింది. తలుపు బయట నిలబడితే ఆమె గొంతు హెచ్చడం, తగ్గడం వినిపించింది. బయటికి వచ్చి, చూద్దాం అంది. అంతే.

వాళ్ళు వింటారో లేదో నాకు తెలియదు. ఈ ఉత్తరం నీ చేతికి అందేలోగా పరీక్ష అయిపోతుందేమో కూడా తెలియదు. నిన్ను రమ్మని మళ్ళీ అడగను. తిప్పయ్యకు చెప్పు, భుజం మీద గట్టిగా చరచమని.

షీరీన్


లేబర్ క్యాంపు,
అక్టోబరు

చెల్లెలు షీరీన్‌కు,

నీ ఉత్తరం చేరేసరికి అంతా అయిపోయింది. అందరం బతికే ఉన్నాం. ముందు ఆ మాట రాసి తరువాత మిగతాది రాస్తున్నాను.

పరీక్ష అని చెప్పిన రోజున మమ్మల్ని లోపలికి పంపారు. వరుసలో నిలబడ్డాం. రామాంజులు నా వెనకే నిలబడి నా చొక్కా పట్టుకున్నాడు, చిన్నపిల్లవాడిలాగా. నేను వదలమనలేదు. అంతలో ఒకాయన కాగితం పట్టుకుని వేగంగా వచ్చాడు. ఇంజనీర్లు గుమిగూడారు. ఒకాయన చేతులు ఊపుతూ చాలాసేపు మాట్లాడాడు, కోపమని మొహం చూస్తే తెలిసింది. తరువాత అందర్నీ బయటికి పొమ్మన్నారు. ఏమైందని తిప్పయ్యను అడిగితే, నీళ్ళు ఇంకా కాగల్లంట అన్నాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

ఆ తరువాత కొన్ని రోజులు పంపులు తిప్పుతూనే ఉన్నారు. ఆ రాపిడికే నీళ్ళు కాగుతాయట. నేల అదురు అరికాళ్ళకు తెలిసేది. సోమప్ప విసుక్కున్నాడు. ఎవరో లెక్కలు తప్పు చేసినందుకు మనల్ని ఖాళీగా కూర్చోబెట్టారన్నాడు.

మళ్ళీ లోపలికి పోయిన రోజున వేడి ఎలా ఉందంటే, మే నెలలో మన రేకుల షెడ్డులో కూర్చున్నట్టుంది. ఒత్తిడి పెంచుతున్నారు. తనిఖీ చేసేవాళ్ళు దీపాలు పట్టుకుని అతుకులు చూస్తున్నారు. మేము వాళ్ళ కోసం పలకలు జరుపుతున్నాం. తిప్పయ్య నా పక్కనే ఉన్నాడు. ఒక్కసారిగా నేను పట్టుకున్న పైపు చేతిలో ఎగిరింది. తల ఎత్తితే అందరి మొహాలూ పాత్ర వైపు తిరిగి ఉన్నాయి. నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. దీపం పట్టుకున్నాయన దీపం వదిలేశాడు. అది కింద పడి పగలడం చూశాను, ఆ శబ్దం కూడా లేదు. పక్కకు తిరిగితే తిప్పయ్య లేడు. మెట్ల వైపు పరుగెత్తుతున్నాడు.

షీరీన్, నాకేమీ వినపడలేదు. చుట్టూ మనుషులు పరుగెత్తుతుంటే నేను అది విరిగిపోయిందనుకున్నాను. విరిగాక ఎలా ఉంటుందో నువ్వు రాయలేదు. ఎంతసేపట్లో వేడినీళ్ళు మీదికి వస్తాయో తెలియదు. కదలలేక పైపును వాటేసుకుని నిలబడ్డాను. అమ్మను తలుచుకోవాలనిపించింది, ఆమె మొహం కూడా గుర్తుకు రాలేదు.

అప్పుడు తిప్పయ్య మెట్ల దగ్గర ఆగాడు. వెనక్కి చూశాడు. అందరూ అటు పోతుంటే వాళ్ళను తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద చరవలేదు, రెండు చేతులతో నా తల పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. అతని పెదాలు అదురుతుంటే ఏమంటున్నాడో చదవలేకపోయాను.

చివరికి తేలిందేమిటంటే, వేడికి సాగిన ఒక పెద్ద గొట్టం తన దిమ్మె మీద ఒక్కసారిగా జారింది. ఫిరంగి పేలినట్టు వినపడిందట. వేడెక్కితే అలా జరగడం మామూలేనట. కాసేపటికి మమ్మల్ని మళ్ళీ పిలిచారు. ఆ రోజు తిప్పయ్య నా చెయ్యి పట్టుకునే లోపలికి వచ్చాడు. అతుకులన్నీ చూశారు. పాత్ర నిలబడింది.

పరుగెత్తినందుకు తిప్పయ్య ఇప్పటికీ నా మొహం చూసి మాట్లాడలేకపోతున్నాడు. మొహం చూడకపోతే అతను చెప్పేది నాకు అందదు. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

వచ్చే వారం అందరం ఊరికి పోతున్నాం.

అతావుల్లా


హైదరాబాదు,
నవంబరు

అన్నకు షీరీన్ సలాములు.

నువ్వు ఊరు చేరావని వదిన చెప్పింది. ఈసారి తడబడలేదు.

ఇక్కడ కొందరు నన్ను చూసి నవ్వుతున్నారు. ఏమీ కాలేదు కదా అంటున్నారు. పాత్ర నిలబడింది, అంత వేడి చేయించి, అన్ని రోజులు ఆలస్యం చేయించి ఏం సాధించావంటున్నారు. నిలబడింది వేడి చేసినందుకేనని చెబితే, అది నువ్వనుకోవడం అంటారు. కొన్ని రోజులకు నాకే అనుమానం వచ్చింది. నీ మీది భయంతో చిన్నదాన్ని పెద్దది చేశానా అని.

చివరి ముక్క ఒకటి మిగిలింది. ఇంద్రాణి గారు దాన్ని మొదట వాళ్ళు అనుకున్న వేడిలోనే కొట్టమన్నారు. అంటే ఆ మొదటి రోజు మీరు వరుసలో నిలబడినప్పుడు పాత్ర ఉన్న వేడిలో. గది నిండా మనుషులున్నారు, నవ్వినవాళ్ళు కూడా. నేను సుత్తి వదిలాను. విరిగిన సగం కింది పళ్ళెంలో పడలేదు. ఎగిరి వెళ్ళి ఎదుటి గోడకు కొట్టుకుంది. గాజు అవతల నుంచి కూడా ఆ శబ్దం వినిపించింది. సుత్తికి ఎంత బలం ఖర్చయిందో చూపించే ముల్లు దాదాపు మొదట్లోనే ఉండిపోయింది. నవ్వినవాళ్ళలో ఒకాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రియాక్టర్‌ను ఇప్పట్లో నడపరు. పాత్రను కొలిమిలో పెట్టినట్టు బాగా వేడి చేసి, కొన్నాళ్ళు అలాగే ఉంచి మెల్లగా చల్లారిస్తే చోటు తప్పిన అణువులు చాలావరకు సర్దుకుంటాయి, వంగే గుణం తిరిగి వస్తుంది. అది చెయ్యాలని కొందరు, మూసెయ్యాలని కొందరు అంటున్నారు. నన్ను వేరే విభాగానికి మారుస్తారని వింటున్నాను. మార్చనీ.

పరీక్ష అయ్యేదాకా నాకు నిద్ర పట్టింది, తినగలిగాను. ఇప్పుడు రెండూ పోయాయి. అన్నం కలుపుతుంటే ఆ సగం ముక్క గోడకు కొట్టుకోవడం కనిపిస్తుంది. ఆ కాగితం తెచ్చినాయన దారిలో ఇంకెవరితోనైనా మాట్లాడుతూ నిలబడి ఉంటే? ఇది ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. అమ్మ దగ్గర కొన్నాళ్ళు ఉండి పోతాను. వచ్చే వారం బయలుదేరుతున్నాను.

తిప్పయ్యకు నా సలాము చెప్పు. వెనక్కి వచ్చినందుకని చెప్పు.

షీరీన్


తనకల్లు,
నవంబరు

చెల్లెలు షీరీన్‌కు దువాలు.

నువ్వు వచ్చేలోపు ఇది చేరాలని వెంటనే రాస్తున్నాను. ఇక్కడ మాట్లాడుకుందామంటే నాజ్‌నీన్ మధ్యలో నిలబడాలి, అమ్మ వింటుంది.

తిప్పయ్యకు నీ మాట చెప్పాను. కాగితం చూపించి చదవమన్నాను. చదివి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. చాలా రోజుల తరువాత. అతని కొడుక్కి బళ్ళో ఏదో బహుమతి వచ్చిందట, అది చెప్పాడు. 

నిన్న సోమప్ప వచ్చాడు. ఇంకో పని ఉందట. రియాక్టర్ కాదు, మందులు చేసే ఫ్యాక్టరీ, చాలా పాతది, ఆవిరి కాచే పెద్ద బాయిలర్ దగ్గర పరంజా. మనుషులు కావాలన్నాడు. మన వీధి వాళ్ళంతా మా గుమ్మం ముందుకు వచ్చారు. నీ సంగతి ఊళ్ళో నేను ఎవరికీ చెప్పలేదు గానీ రామాంజులు కడుపులో మాట దాగదు. వాళ్ళంతా సోమప్పను వదిలేసి నన్ను చూస్తున్నారు.

"మీ చెల్లెల్ని అడుగప్పా, ఆడ ఇనుము ఎట్లుండాదో. ఆయమ్మ పొమ్మంటే పోతాం" అన్నాడు రామాంజులు.

నీకు ఆ ఫ్యాక్టరీ తెలియదని, నువ్వు చూసేది వేరే ఇనుమని చెప్పాను. వాళ్ళకు అది నచ్చలేదు. అప్పుడు నేనే సోమప్పను అడిగాను. ఆ బాయిలర్ ఇనుమును ఎవరైనా పరీక్షించి చూశారా, చూసినవాళ్ళ పేరేమిటి అని. సోమప్ప నా మొహంలోకి చూశాడు. నాకు వినపడదు కదా అని, పక్కకు తిరిగి మిగతావాళ్ళతో బస్సు ఎప్పుడో చెప్పడం మొదలుపెట్టాడు. నేను లేచి అతని ఎదురుగా పోయి నిలబడి మళ్ళీ అడిగాను. అతను మళ్ళీ పక్కకు తిరిగాడు.

నేను పోవడం లేదు. తిప్పయ్య కూడా పోవడం లేదు. రామాంజులు ఈ పొద్దున పోయాడు. పొలంలో ఏమీ లేదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. బస్సు ఎక్కి కిటికీలోంచి నాకేదో చెప్పాడు, దుమ్ములో పెదాలు కనిపించలేదు.

ఆ ఊరి పేరు, ఫ్యాక్టరీ పేరు ఈ కాగితం వెనక రాశాను. అక్కడ నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ బాయిలర్ సంగతి నువ్వు బయలుదేరే ముందే అడుగు.

నీ అన్న,
అతావుల్లా